పుర్రె బొమ్మ లేకుండా భయపెట్టడం: గోదావరిఖనిలో హారర్ కథల కవర్లు

గోదావరిఖని నుంచి మాట్లాడుతున్నా. వెనకాల గుయ్యిమని చప్పుడు వస్తే ఏమనుకోకండి, అది కూలర్. ఆపితే నేను ఉడికిపోతా.

ఇయ్యాల్టి సంగతి ఏంటంటే, నెట్‌లో హారర్ కథలు రాసేవాళ్లకు కవర్లు, లోపలి పేజీలు ఎట్లా డిజైన్ చేయాలి. చాలా రోజులనుంచి అడుగుతున్నారు. నేను పగలు ఫ్లెక్సీలు, పెళ్లి కార్డులు చేస్తా. రాత్రి దయ్యాలు. అన్నం పెట్టేది ఫ్లెక్సీలే, అది ముందే చెప్తున్నా. కానీ నిద్ర పట్టకుండా చేసేది రెండోది.

ముందు ఒక పని చేయండి. ఫోన్లో ప్రతిలిపి గానీ, ఇంకేదైనా కథల యాప్ గానీ తెరిచి హారర్ విభాగంలోకి వెళ్లండి. కథలు చదవొద్దు, కవర్లు మాత్రం చూసుకుంటూ కిందికి పోండి. తెల్లచీర. విరబోసుకున్న జుట్టు. నిండు చందమామ. కప్పు కోసుగా పైకి లేచిన పెద్ద బంగళా. ఆ బంగళా మన దగ్గర ఎక్కడన్నా చూశారా? నేనైతే పెద్దపల్లి జిల్లా మొత్తంలో చూడలేదు. పైన టైటిల్ ఎర్ర అక్షరాల్లో, కింద నెత్తురు కారుతూ. ఒక్కటి చూస్తే బాగానే ఉంటది. ఇరవై చూశాక ఇరవై ఒకటోది ఎవరినీ భయపెట్టదు. పెళ్లి కార్డు మీద వినాయకుడు ఎట్లనో, హారర్ కవర్ మీద ఆ దయ్యం అట్లా అయిపోయింది. ఉండాలి కాబట్టి ఉంటది, ఎవరూ తేరిపార చూడరు.

నా పద్ధతి వేరే. భయాన్ని బొమ్మలో పెట్టను, అక్షరంలో పెడతా, అక్షరం పక్కన వదిలిన ఖాళీలో పెడతా. దీనికి అమెరికా పుస్తకాలు చూడాల్సిన అవసరం కూడా లేదు. మన తలుపులు చాలు.

"ఓ స్త్రీ రేపు రా". మీలో చాలామందికి ఇది సినిమా పేరుగా తెలుసు. హిందీలో 2018లో వచ్చిన 'స్త్రీ' చూసినవాళ్లకు గోడమీద "ఓ స్త్రీ కల్ ఆనా" గుర్తుంటది. కర్ణాటకలో ఇదే కథ "నాళె బా". కానీ సినిమాలకన్నా ముందే, తొంభైల్లో, తెలుగు ఊళ్లల్లో ఇంటింటి తలుపు మీద ఈ నాలుగు మాటలు రాసి ఉండేవి. కథ తెలిసిందే. రాత్రి ఒక ఆడమనిషి వచ్చి మనవాళ్ల గొంతుతో పేరు పెట్టి పిలుస్తది. తలుపు తీస్తే అంతే. తలుపు మీద "రేపు రా" అని ఉంటే చదువుకొని వెనక్కి పోతది. మళ్లీ రేపొస్తది, మళ్లీ చదువుకుంటది, మళ్లీ పోతది.

డిజైనర్ కళ్లతో దీన్ని చూడండి ఒకసారి. బొమ్మ లేదు. రంగుల్లేవు. సుద్దముక్క, సున్నం, లేకపోతే ఇటుకపెళ్ల, చేతికి ఏది దొరికితే దానితో రాశారు. తలుపు పలకల మధ్య సందులుంటాయి కాబట్టి అక్షరాలు అక్కడక్కడా విరిగినట్టు ఉంటాయి. వరస వంకర. ఒక్కో ఇంటిది ఒక్కో దస్తూరి. అన్నిటికన్నా పెద్ద సంగతి ఇంకోటుంది. ఆ రాత మన కోసం కాదు. ప్రపంచంలో ఏ రాతకైనా పాఠకులు మనుషులే కదా, దీనికి పాఠకురాలు దయ్యం! దారిన పోయే మనిషి దాన్ని చదివితే, వేరేవాళ్ల ఉత్తరం చదివినట్టు. అందుకే ఒళ్లు జలదరిస్తది. ఇన్నేళ్లుగా ఇంత పని చేసిన హారర్ కవర్ తెలుగులో ఇంకోటి ఉందంటే నేను నమ్మను.

దీన్నుంచి నేను తీసుకున్నది ఇది. కవర్ మీది మాట పాఠకుడితో మాట్లాడకూడదు. "గుండె జబ్బులున్నవారు చదవొద్దు", "రాత్రిపూట ఒంటరిగా చదవకండి" అని రాస్తారు చూడండి, అది పాఠకుడితో మాట్లాడటం. అది సినిమా పోస్టర్ పని. కథలో ఉన్న ఎవరో ఇంకెవరికో రాసుకున్న మాటను కవర్ మీద పెట్టండి. పాల లెక్క. కిరాయి రసీదు. తలుపుకు అంటించిన చీటీ: "తాళం పక్కింట్ల ఇచ్చిన". ఈ చివరిది నేను నిజంగా ఒక కథకు వాడాను. ఆ కథలో ఇంటికి పక్కిల్లే లేదు. చదవడం మొదలుపెట్టేటప్పుడు మామూలు చీటీ, సగం చదివాక కవర్ దగ్గరికి వెనక్కి వచ్చి చూస్తారు. వెనక్కి రప్పించాలి. అంతే కవర్ పని.

ఇక అక్షరాల దగ్గరికి వద్దాం. నాకు ఇది చాలా ఇష్టమైన భాగం, ఎక్కువసేపు మాట్లాడితే ఓపిక పట్టండి.

ఇంగ్లీషులో నెట్ హారర్ డిజైన్ చేసేవాళ్లు అక్షరాల మీద, కింద గుర్తులు కుప్పలుగా పేర్చి చెదిరినట్టు చేస్తారు, దాన్ని జాల్గో టెక్స్ట్ అంటారు. మనోళ్లు దాన్ని తెచ్చి తెలుగు మీద రుద్దుతారు. అవసరమే లేదు. తెలుగు లిపిలోనే పుట్టుకతో ఒక దయ్యాల కథ ఉంది. పాత వ్యాకరణంలో అచ్చులను ప్రాణములు అన్నారు, హల్లులను ప్రాణులు అన్నారు. అంటే 'క' అనేది ఒళ్లు, అందులో పలికే 'అ' ప్రాణం. ప్రాణం తీసేస్తే ఏమవుతది? 'క్' అవుతది. దానికి పెట్టే గుర్తు పేరేంటి? పొల్లు. పొల్లు అంటే లోపల గింజ లేని తాలు. ఊరికే పెట్టిన పేరు కాదు చూడండి.

ఇప్పుడు తిరగేయండి. ఒళ్లు లేకుండా ప్రాణం మాత్రం మిగిలితే? ఫోన్ కీబోర్డులో ఏ హల్లూ కొట్టకుండా గుణింతపు గుర్తు ఒక్కటి కొట్టండి. చాలా ఫోన్లలో అది ఒక చుక్కల గుండ్రం పక్కనో పైననో కనబడుతది. ఆ చుక్కల గుండ్రం అర్థం, "ఇక్కడ ఒక అక్షరం ఉండాలి, లేదు" అని. కంప్యూటర్ భాషలో అది ఒక తప్పు గుర్తు. నాకు మాత్రం అది మనిషి లేచిపోయిన మంచం లెక్క కనబడుతది. ఒక కథలో చనిపోయిన పిల్లవాడి పేరు వచ్చినచోటల్లా హల్లులు తీసేసి ఆ చుక్కల గుండ్రాలు మాత్రమే ఉంచాను. దీర్ఘం ఉంది, కొమ్ము ఉంది, పేరు లేదు. చదివేవాళ్లు నోట్లో ఆ పేరు పలకబోయి ఆగిపోతారు. ఆ ఆగడమే నాకు కావాల్సింది.

తలకట్టు ఇంకోటి. పేరులోనే తల ఉంది. దాన్ని కోసేస్తే తల లేని అక్షరం. అయితే అన్ని అక్షరాలకూ ఈ పని కుదరదు. ఖ, జ, ట, ణ, బ, ల లాంటివాటికి తలకట్టు అసలు లేనేలేదు. కాబట్టి టైటిల్ చూసి చేయాలి. నాకు బాగా కుదిరింది 'గని' అనే మాటకు. 'గ' మీద తలకట్టు తీసేసి చూడండి, ఏం మిగులుతది? ఒక కమాను. ఇంక్లైన్ బాయి మూతి అచ్చం అట్లనే ఉంటది. నల్లటి కవర్ మీద ఆ ఒక్క 'గ'ను అరపేజీ అంత పెద్దగా పెట్టి, లోపల ఏమీ పెట్టలేదు. తెగిన తలకట్టును పేజీ అడుగున, పడిపోయిన గోరంత, ఒక మూలకు పెట్టాను. నా కవర్లలో నాకు నచ్చింది చెప్పమంటే ఇదే చెప్తా. ఇందులో బొమ్మ గీసింది సున్నా.

అక్షరం నిజంగా భయపెట్టిన రోజు కూడా ఒకటుంది, తెలుసా? 2018 ఫిబ్రవరి. ప్రపంచంలో ఐఫోన్లన్నీ ఒక్క తెలుగు అక్షరం చూసి పడిపోయాయి. 'జ్ఞా'. మామూలుగా మనం రాసే జ్ఞానంలో జ్ఞా కాదు. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత కంటికి కనిపించని ఒక విడదీసే గుర్తు, ఆపైన దీర్ఘం. ఈ వరస ఏ మెసేజ్‌లో వచ్చినా ఆ యాప్ మూసుకుపోయేది, మళ్లీ తెరిస్తే మళ్లీ మూసుకుపోయేది. ఐఓఎస్ 11.2.5లో ఈ గోల, 11.2.6 వచ్చాక పోయింది. తెలుగు ఒక్క ముక్క రానోళ్లు కూడా ఆ వారం తెలుగు అక్షరం చూసి జడుసుకున్నారు. చూసినవాడి ఫోన్ చచ్చిపోయే అక్షరం! ఇది ఎవరైనా కథగా రాసి తెస్తే అతి అంటాం. ఇప్పుడు ఆ వరస పంపినా ఏమీ కాదు, ప్రయత్నించకండి. కానీ లోపల కనిపించని గుర్తు ఒకటి ఉండటం అనే ఆలోచన మాత్రం బంగారం. ఇంకెవరూ దీనిమీద కథ రాయలేదంటే రాయండి, కవర్ నేను చేస్తా.

డీటీపీ సెంటర్లో పనిచేసిన వాళ్లకు ఇంకో దయ్యం తెలుసు. అను ఫాంట్లలో పేజ్‌మేకర్‌లో కొట్టిన తెలుగును కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే ఏం వస్తది? ఎక్కడలేని గుర్తులన్నీ వరసగా వచ్చి పడతాయి. అవి యూనికోడ్ కావు మరి. ఆ చెత్తను కూడా నేను దాచిపెడతా. పాత కంప్యూటర్లో దొరికిన డైరీ లాంటి కథలకు అది పనికొచ్చినంత ఇంకేదీ రాదు, ఎందుకంటే అది కల్పించిన చెత్త కాదు, దాని కింద నిజంగా ఒక తెలుగు వాక్యం ఉంది. తిరిగి అను ఫాంట్ పెడితే చదవొచ్చు. ఒకరిద్దరు పాఠకులు పెట్టి చదివారు కూడా.

సరే, పేజీలు. ఈ విషయంలో అందరూ చెప్పే పుస్తకం 'హౌస్ ఆఫ్ లీవ్స్', మార్క్ డానియెలెవ్‌స్కీది, 2000లో వచ్చింది. అందులో ఒక ఇల్లు ఉంటది, దాని లోపలి కొలత బయటి కొలతకన్నా కాస్త ఎక్కువ. ఇల్లు అనే మాట వచ్చినచోటల్లా నీలి రంగులో అచ్చు వేశారు. లోపల నడవాలు ఇరుకైన చోట పేజీలో అక్షరాలు కూడా ఇరుకైపోతాయి, కొన్ని పేజీల్లో నాలుగైదు మాటలే ఉంటాయి. గొప్ప పుస్తకం, నేనేం కాదనను. కానీ దాన్ని చూసి మనోళ్లు చేసేది ఏంటంటే, అక్షరాలను తలకిందులు చేయడం, గుండ్రంగా తిప్పడం. ఎందుకు తిప్పావు తమ్ముడూ అంటే "కొత్తగా ఉంటదని" అంటారు. అందులో ఇంటి ఆకారం పేజీ ఆకారం అయింది. మరి మన కథ ఆకారం ఏది?

మా దగ్గర ఆ ఆకారం కాళ్ల కిందనే ఉంది. అండర్‌గ్రౌండ్ బాయి మ్యాప్ ఎప్పుడన్నా చూశారా? బోర్డ్ అండ్ పిల్లర్ అంటారు. బొగ్గు మొత్తం ఒకేసారి తీయరు. అడ్డంగా, నిలువుగా దారులు తవ్వుకుంటూ పోతారు, మధ్యలో బొగ్గును చదరాలుగా వదిలేస్తారు. ఆ చదరాలే పిల్లర్లు, పైకప్పును మోసేది అవే. పైనుంచి చూస్తే అచ్చం పేజీ గ్రిడ్. అక్షరాల గడులు పిల్లర్లు, మధ్య ఖాళీలు దారులు. ఇంతవరకే అయితే పెద్ద విశేషం లేదు. ఆ తర్వాత డిపిల్లరింగ్ అని ఇంకో పని ఉంటది. లోపలి చివరి దాకా పోయాక, వెనక్కి వస్తూ వస్తూ వదిలేసిన పిల్లర్లను కూడా తీసుకుంటూ వస్తారు. తీసిన చోట పైకప్పు కూలుతది, కూలనిస్తారు. ఆ కూలిన చోటును గోఫ్ అంటారు. అందులోకి మళ్లీ ఎవరూ పోరు.

ఇది విన్నప్పుడు మీ బుర్రలో ఏమన్నా వెలిగిందా? నాకైతే వెలిగింది. పన్నెండు గడులున్న పేజీ. ఒక్కో గడిలో మూడు నాలుగు వాక్యాలు. మొదట పన్నెండూ నిండుగా ఉంటాయి. పాఠకుడు పైనుంచి కిందికి, లోపలికి పోయినట్టు చదువుతాడు. తర్వాత పేజీలో అవే వాక్యాలు, అదే చోట, కానీ అన్నిటికన్నా లోపలి గడి ఖాళీ. ఆ తర్వాత పేజీలో రెండు ఖాళీ. అట్లా పదకొండు పేజీలు. కొత్త వాక్యం ఒక్కటీ రాదు. ఉన్నవే తగ్గుతూ పోతాయి, తగ్గేకొద్దీ కథ మారుతది. మొదటి పేజీలో "మేము నలుగురం వచ్చాం" అనే వాక్యం అర్థం వేరు, పక్క గడిలో ముగ్గురి పేర్లు పోయాక దాని అర్థం వేరు. చివరి పేజీలో బాయి మూతి దగ్గర ఒక్క గడి మిగులుతది. అందులో ఏముండాలన్నది రచయిత పని. డిజైనర్‌గా నేను చెప్పేది ఒకటే, ఖాళీ అయిన గడుల్లోకి మళ్లీ ఏ అలంకారం, ఏ గీత, పేజీ నంబరు కూడా రాకూడదు. గోఫ్ అంటే గోఫే.

ఇది రాయడం చాలా కష్టం. ఒక రచయిత్రి ఆ పన్నెండు గడుల కోసం నెల రోజులు కూర్చుంది. ఒక మాట మారిస్తే పదకొండు పేజీలు తిరిగి చూసుకోవాలి. "అన్నా, నన్ను బాయిల దించినవు" అని మెసేజ్ పెట్టింది.

దీని మొదటి నమూనా మా బాపుకు చూపించాను. బాపు బాయి పనిచేసి రిటైర్ అయిండు. నేను అంతా నలుపు పెట్టాను, సహజమే కదా, బొగ్గు బాయి అంటే నలుపు. ఫోన్ దూరంగా పట్టుకొని చాలాసేపు చూసి, "చీకటికి ఎవడు భయపడ్డడురా, నెత్తిమీద లైటుంటది. చప్పుడు ఆగితే భయం" అన్నడు. ఇంకా అడిగితే చెప్పిండు. పైకప్పును కర్రతో, ఇనుప కడ్డీతో కొట్టి చూస్తరట. గట్టిగా ఉంటే ఒక తీరు మోగుతది, లోపల వదులైతే బోలుగా మోగుతది. ఊతంగా పెట్టిన కట్టె బరువు పడ్డప్పుడు కిర్రుమంటది, అది ముందే చెప్పినట్టు. "కట్టె మాట్లాడుతది, ఇనుము మాట్లాడది" అన్నడు. ఆ రాత్రి నేను పేజీలన్నీ మార్చాను. నలుపు తీసేసి తెల్ల కాగితం పెట్టాను. ప్రతి పేజీలో గడుల మధ్య దారిలో చిన్నగా "కిర్" అని ఒక మాట, లెక్క తప్పకుండా. తొమ్మిదో పేజీలో ఆ మాట లేదు. ఎందుకో తెలియకుండానే చాలామంది ఆ పేజీ దగ్గర ఆగారు.

ఇక్కడే నేను చెప్పాలనుకున్న అసలు సంగతి వస్తది.

నెట్ హారర్‌లో బాగా నడిచే పద్ధతి, కథను కథ లెక్క కాకుండా కాగితం లెక్క చూపించడం. ఎస్‌సీపీ కథలు చదివే ఉంటారు, అన్నీ ఆఫీసు ఫైళ్ల రూపంలో ఉంటాయి, నల్లగీత కొట్టి దాచిన వాక్యాలతో. స్లెండర్ మ్యాన్ పుట్టింది కూడా అట్లనే. 2009 జూన్‌లో ఎరిక్ నూడ్సన్ అనే ఆయన రెండు పాత ఫొటోల్లో పొడుగాటి ఆకారాన్ని కలిపి, కింద పాత రికార్డులో ఉన్నట్టు నాలుగు వాక్యాలు రాశాడు. ఫొటోకన్నా ఆ కింది వాక్యాలే భయం. డిజైన్‌గా చూస్తే తిరుగులేదు. కానీ ఐదేళ్ల తర్వాత, 2014లో, అమెరికాలోని వాకెషాలో పన్నెండేళ్ల పిల్లలిద్దరు దాన్ని నిజమని నమ్మి తోటి పిల్లను కత్తితో పొడిచారు. ఆ పిల్ల అదృష్టం బాగుండి బతికింది. ఫొటో కలిపినాయన తప్పు అని నేను అనను. కాగితం కాగితంలా కనబడితే మనిషి నమ్ముతాడు, అంతవరకు మాత్రం చెప్తా. అంత దూరం ఎందుకు, 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని వాట్సాప్ ఫార్వర్డులు నమ్మి మన దేశంలో ఎంతమంది అమాయకులను కొట్టి చంపారు. ఆ తర్వాతే కదా ఫార్వర్డ్‌ను ఐదు చాట్లకు కుదించింది.

ఇప్పుడు మా ఊరికి రండి. ఇక్కడ కథ రాసే ప్రతి కుర్రాడికీ వచ్చే మొదటి ఆలోచన, మూతపడ్డ బాయి, లోపల చనిపోయినవాళ్లు. కవర్‌కు ప్రమాదం నోటీసు పెడదాం అన్నా, పేర్ల లిస్టు పెడదాం అన్నా, పాత పేపర్ కటింగ్ పెడదాం అన్నా అని వస్తారు. 2003 జూన్ 16న ఇక్కడ జీడీకే 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు విరుచుకుపడి 17 మంది కార్మికులు చనిపోయారు. ఆ 17 ఇండ్లు ఉన్నాయి. పిల్లలు పెద్దోళ్లయ్యారు, మీ వయసువాళ్లే, ఈ వీడియో చూసేవాళ్లలో కూడా ఉండొచ్చు. వాళ్లకు అది హారర్ కాదు.

ఇంకా మామూలు సంగతి చెప్తా. నైట్ షిఫ్ట్ పోయిన మనిషి ఇంట్లో అర్ధరాత్రి ఫోన్ మోగితే ఆ ఇల్లు ఎట్లుంటదో బొగ్గు బాయి పిల్లలందరికీ తెలుసు. అమ్మ మొదట ఫోన్ ఎత్తదు, గడియారం చూస్తది. అట్లాంటి ఊళ్లో మీరు కంపెనీ సర్క్యులర్ ఫార్మాట్ దించి, బాయి నంబరు వేసి, తేదీ వేసి, "గల్లంతు" అని ఒక పేజీ డిజైన్ చేశారనుకోండి. కథలో అది మూడో పేజీ. ఎవడో ఒకడు ఆ మూడో పేజీ ఒక్కదాన్నే స్క్రీన్‌షాట్ తీసి కాలనీ గ్రూపులో పడేస్తాడు. ముందు, వెనక పేజీలు ఉండవు. మీ పేరు ఉండదు. కథ అని ఉండదు. ఎంత బాగా డిజైన్ చేస్తే అంత ప్రమాదం. ఇంతకన్నా ఏం చెప్పాలి.

అట్లని కాగితం రూపం వదిలేయమని కాదు, నేనూ వాడతా. కానీ లేని బాయి పేరు పెడతా. ఉన్న నంబర్ల దరిదాపుల్లోకి కూడా పోను. కంపెనీ ముద్ర, లోగో వాడను. ఫారం రూపం నా సొంతంగా గీస్తా, పాతికేళ్ల కింది టైప్‌మిషన్ అక్షరాల లెక్క కనబడేట్టు, ఈ నెలది అనిపించకుండా. అన్నిటికన్నా ముఖ్యం, ఏ పేజీని విడిగా కోసినా అది కథేనని తెలిసే గుర్తు ఆ పేజీ మధ్యలోనే ఉండాలి. అంచుల్లో పెడితే క్రాప్ చేస్తారు. ఉదాహరణకు మస్టర్ రిజిస్టర్ పేజీ ఒకటి చేశాను. హాజరు పట్టిక. పేర్ల వరసలో ఒకే చేతిరాతతో "నేను", "నేను", "నేను" అని ముప్పై గీతల్లో ఉంటది. షిఫ్ట్ అని ఉన్నచోట 'నాలుగు' అని ఉంటది. మూడు షిఫ్టులే ఉంటాయని ఇక్కడి చంటిపిల్లలకు కూడా తెలుసు. దాన్ని వార్త అని ఎవడూ ఫార్వర్డ్ చేయలేడు. భయం తగ్గిందా? లేదు, పెరిగింది. పేర్ల లిస్టు కన్నా ఆ ముప్పై 'నేను'లే ఎక్కువ భయపెట్టాయని చదివినవాళ్లే అన్నారు. నాలుగో షిఫ్ట్ అనేది ఇప్పుడు ఒక పెద్ద కథ అయింది, ముగ్గురు రాస్తున్నారు.

ఓపెన్‌కాస్ట్ కోసం ఖాళీ చేసిన ఊళ్లది కూడా ఇదే సంగతి. పాడుబడ్డ గోడలు, దర్వాజాలు, మంచి ఫొటో పడుతది, "దయ్యాల ఊరు" అని టైటిల్ పెట్టాలనిపిస్తది. ఆ ఊరి మనుషులు పునరావాస కాలనీల్లో బతికే ఉన్నారు. వాళ్ల ఇంటి తలుపు ఫొటో మీద నెత్తురు అక్షరాలు పెట్టే హక్కు నాకెక్కడిది? అట్లాంటి కథ ఒకటి వస్తే నేను ఫొటో వాడలేదు. కవర్ మీద ఒక తలుపు కొలతలు మాత్రం వేశాను. ఇంత ఎత్తు, ఇంత వెడల్పు, బాణం గుర్తులతో. మధ్యలో తలుపు లేదు.

ఇక టెక్నికల్ సంగతులు గబగబా చెప్పేస్తా, టైం అయిపోతుంది.

మీ కవర్‌ను ముందు గోటి అంత సైజులో చూడండి, ఎందుకంటే యాప్‌లో అట్లనే కనబడుతది. అందులో ఒక్క ఆకారం తెలిస్తే చాలు. పాత ఫొటోషాప్‌లో తెలుగు వత్తులు విడిపోతుంటే టైప్ సెట్టింగ్స్‌లో దక్షిణాసియా భాషల ఆప్షన్ ఆన్ చేయండి, ఫాంట్‌ను తిట్టకండి. ఫాంట్లు కొనలేమంటే గూగుల్ ఫాంట్స్‌లో తెలుగువి ఉచితంగా ఉన్నాయి. సురన్న, ధూర్జటి, మల్లన్న, రవిప్రకాష్, ఇట్లా చాలా. హారర్ కదా అని వంకర ఫాంటే తీసుకోవద్దు. నేను ఎక్కువ వాడేది మామూలు పాఠ్యపుస్తకం లాంటి అక్షరమే. బడి పుస్తకం అక్షరంలో చెడ్డ మాట చదివితే ఉండే ఇబ్బంది వేరు.

ఫోన్లో చదివేవాళ్ల కోసం ఒక చిన్న గమ్మత్తు. నల్ల పేజీ మీద గుండ్రటి వెలుగు, క్యాప్ ల్యాంప్ పడినంత మేర, అందులో నాలుగు వాక్యాలు. గుండ్రం బయట నలుపుకన్నా ఒక్క మెట్టు తేలికైన బూడిద రంగులో ఇంకో నాలుగు వాక్యాలు. బ్రైట్‌నెస్ తక్కువ పెట్టుకున్నవాడికి అవి కనబడవు. ఎక్కువ పెట్టినవాడికి కనబడతాయి. ఒకే పేజీ, ఇద్దరికి రెండు కథలు. అమోలెడ్ స్క్రీన్‌లో నలుపు చోట వెలుగే ఉండదు కాబట్టి బాగా కుదురుతది, పాత ఎల్‌సీడీ ఫోన్లలో నలుపే బూడిదగా కనబడుతది, గుట్టు బయటపడుతది. కనీసం మూడు ఫోన్లలో చూసుకొని వదలండి.

అచ్చు వేయించేటప్పుడు మాత్రం ఒక్క నల్ల ఇంకుతో పేజీ నింపితే బూడిదలా వస్తది, మిగతా రంగులు కొంచెం కలపమని ప్రెస్సులో అడగండి. వాళ్లకు తెలుసు. డబ్బులుంటే నలుపు మీద స్పాట్ యూవీ వేయించండి, నలుపు మీద నలుపు మెరుపు, కవర్‌ను వంచితేనే టైటిల్ కనబడుతది. అసలు బొగ్గు కూడా అట్లనే కదా, ఒక పక్కనుంచి చూస్తే మెరుస్తది.

పేజీలను బొమ్మలుగా చేసి పెట్టేవాళ్లు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. చూపు లేనివాళ్లు టాక్‌బ్యాక్‌తో కథలు వింటారు, బొమ్మలోని అక్షరాన్ని అది సరిగ్గా చదవదు. కాబట్టి పక్కన మామూలు టెక్స్ట్ కూడా ఇవ్వండి. మా పన్నెండు గడుల కథకు ఆడియో కూడా చేశాం. ఖాళీ గడి వచ్చినప్పుడు అంతసేపు మౌనం. ఒకాయన ఇయర్‌ఫోన్లు పెట్టుకొని విని, పదో పేజీ దగ్గర పాడైపోయిందనుకొని రెండుసార్లు ఫోన్ రీస్టార్ట్ చేశాడట.

వచ్చే ఎపిసోడ్‌లో ఇంక్‌స్కేప్ తెరిచి, అక్షరాన్ని గీతగా మార్చి, 'గ' మీద తలకట్టు ఎట్లా కోయాలో లైవ్‌లో చూపిస్తా. మీ కథ టైటిల్ పంపండి, దాంతోనే చేద్దాం. టైటిల్‌లో ఖ, జ, ట ఉంటే మాత్రం ముందే చెప్పండి, కోయడానికి అక్కడ ఏమీ ఉండదు. ఉంటా మరి.